చేతికి పని రావాలంటే మనసు కుదుటపడాలి

సంఘ సభ్యులకు అధ్యయన పాఠం



పాల సంఘాల సమావేశాలలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది. "పరీక్షకుణ్ణి శిక్షణకు పంపించాము, ఖర్చు పెట్టాము, సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాడు. అయినా కొత్త మిషను దగ్గర తడబడుతూనే ఉన్నాడు. పాత పద్ధతిలో ఇంతకన్నా నయంగా చేసేవాడు" అని సభ్యులు అంటూ ఉంటారు.

దీనికి మనం సాధారణంగా రెండు కారణాలు చెప్పుకుంటాము. మనిషికి తెలివి చాలలేదనేది ఒకటి. శిక్షణ సరిగా ఇవ్వలేదనేది రెండవది. ఈ రెండూ కొన్నిచోట్ల నిజమే కావచ్చు. కాని మూడవ కారణం కూడా ఒకటి ఉన్నది. అది కంటికి కనిపించదు కనుక లెక్కలోకి రాదు. నేర్చుకునే మనిషి మనసులో ఉండే భయం, చిన్నతనం, కోపం, ఇంటి దిగులు అతని చేతిని పట్టి ఆపుతాయి. ఈ పాఠంలో ఆ మూడవ కారణాన్ని గురించి తెలుసుకుందాము. ముందుగా పాల పరిశ్రమతో సంబంధం లేని ఒక ఫ్యాక్టరీ సంగతి చెప్పి, తరువాత మన పాల కేంద్రానికి వద్దాము.

పైజమాల ఫ్యాక్టరీలో జరిగిన పరిశీలన

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మేరియన్ అనే ఊరు ఉన్నది. అక్కడ హార్వుడ్ అనే కంపెనీ పైజమాలు కుట్టించేది. పనివారిలో సుమారు 500 మంది స్త్రీలు, 100 మంది పురుషులు. సగటు వయసు 23 సంవత్సరాలు. చుట్టుపక్కల కొండ ప్రాంతపు పల్లెల నుంచి వచ్చినవారే ఎక్కువ. చాలామందికి అంతకుముందు ఫ్యాక్టరీ ముఖం తెలియదు.

జీతం చేసిన పనిని బట్టి వచ్చేది. గంటకు 60 యూనిట్ల పని చేస్తే పూర్తి సామర్థ్యం ఉన్నట్లు లెక్క. బాగా చేయి తిరిగినవారు ఆ స్థాయిని అందుకునేవారు. అయితే బట్టల రకాలు, పని పద్ధతులు మారుతూ ఉండేవి కనుక పనివారిని ఒక పని నుంచి మరొక పనికి మార్చవలసి వచ్చేది. చిక్కంతా అక్కడే వచ్చింది. పని మారినవారిలో నూటికి 38 మంది మాత్రమే తిరిగి 60 యూనిట్లకు చేరుకునేవారు. మిగిలిన 62 మంది ఎప్పటికీ వెనుకబడి ఉండిపోయేవారు, లేదా పని మానుకొని వెళ్ళిపోయేవారు. మరింత వింత ఏమిటంటే, అనుభవం ఉన్న మనిషి మారిన పనిని నేర్చుకోవడానికి పట్టే కాలం, ఏమీ తెలియని కొత్త మనిషికి పట్టే కాలం కన్నా ఎక్కువగా ఉండేది.

కంపెనీ చేతులు కట్టుకొని కూర్చోలేదు. పని మారినవారికి నేర్చుకునే రోజులలో ఆదాయం తగ్గకుండా ప్రత్యేక భత్యం ఇచ్చింది. అయినా మార్పు అంటే పనివారికి అయిష్టం పోలేదు.

లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు ఈ సంగతిని శ్రద్ధగా పరిశీలించి 1948లో ప్రకటించారు. పాత అలవాటు చేతిని వదలకపోవడం వల్ల ఇలా జరుగుతున్నదేమో అని మొదట చూచారు. చేతి కదలికలను గమనిస్తే, మొదటి వారం దాటిన తరువాత తప్పు కదలికలు దాదాపు లేవు. అంటే చేతికి పని వచ్చింది. అయినా వేగం రావడం లేదు. కనుక లోపం చేతిలో లేదని, మనసులో ఉన్నదని వారు భావించారు. నిన్నటి దాకా నేర్పరి అనిపించుకున్న మనిషి ఈ రోజు అందరి ముందు వెనుకబడినవాడుగా నిలబడాలి. ఎంత ప్రయత్నించినా పాత స్థాయి కనుచూపు మేరలో కనిపించదు. ఆ నిరాశే మనిషిని క్రుంగదీస్తుంది.

ఒకే ఫ్యాక్టరీ, మూడు పద్ధతులు

తమ ఆలోచన నిజమో కాదో తేల్చడానికి వారు పనివారి జట్లను తీసుకొని మూడు విధాలుగా మార్పు చేసి చూచారు. ఏ జట్టులోనూ మారిన పని పెద్దదేమీ కాదు. మొత్తం పనిలో 8 నుంచి 9.4 శాతం వరకు మాత్రమే.

మొదటి జట్టులో ఇస్త్రీ చేసేవారు 18 మంది. వారు బట్టలను అర డజను చొప్పున ఒక అట్ట మీద పేర్చేవారు. ఇకమీదట అట్టకు బదులు పెట్టెలో పేర్చాలి. పెట్టె కూడా అట్ట ఉన్నచోటనే ఉంటుంది. ఈ సంగతిని, కొత్త రేటును సమావేశంలో వారికి చెప్పారు, సందేహాలకు జవాబులిచ్చారు. అంతటితో సరి. నిర్ణయం మాత్రం ముందే జరిగిపోయింది.

రెండవ జట్టులో మడతలు పెట్టేవారు 13 మంది. వారికి ముందుగా రెండు బట్టలు చూపించారు. రెండూ ఒకే రకంగా ఉన్నాయి. కాని ఒకటి రెండవదానికన్నా రెట్టింపు ధరకు అమ్ముడుపోయింది. ఏది తక్కువ ధరదో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఖర్చు ఎందుకు తగ్గించుకోవాలో అప్పుడు వారికే బోధపడింది. తరువాత వారి ప్రతినిధులు కొందరు ముందుగా కొత్త పద్ధతిని నేర్చుకొని, రేటు కట్టడంలో పాల్గొని, తక్కినవారికి నేర్పారు.

మూడవ పద్ధతిలో 8 మంది, 7 మంది ఉన్న రెండు చిన్న జట్లు. వీరు తయారైన బట్టలను తనిఖీ చేసేవారు. ఇక్కడ ప్రతినిధులు లేరు. అందరూ కూర్చొని పనిని ఎలా మార్చాలో ఆలోచించారు. రాసుకొనే మనిషికి అందనన్ని సూచనలు వచ్చాయి.

ఫలితాలు చూడండి. మొదటి జట్టు మార్పు తరువాత పడిపోయిన స్థాయి నుంచి పైకి రాలేదు. పై అధికారులతో తగాదాలు వచ్చాయి. 40 రోజులలో నూటికి 17 మంది చొప్పున పని మానుకున్నారు. రెండవ జట్టు 14 రోజులలో గంటకు 61 యూనిట్లకు చేరింది. ఆ 40 రోజులలో ఒక్కరూ మానలేదు. మూడవ పద్ధతి జట్లు ఇంకా త్వరగా కోలుకొని, పాత స్థాయిని 14 శాతం మించిపోయాయి. అక్కడా ఎవరూ మానలేదు.

"మొదటి జట్టు మనుషులే అటువంటివారేమో" అని మీకు అనిపించవచ్చు. ఆ అనుమానం పరిశీలకులకూ కలిగింది. రెండున్నర నెలల తరువాత ఆ జట్టులో మిగిలిన 13 మందిని మళ్ళీ ఒకచోట చేర్చి, ఈసారి అందరినీ ఆలోచనలో కలుపుకొని మరొక పనికి మార్చారు. ఆ మనుషులే త్వరత్వరగా కోలుకొని ముందుకు పోయారు. మొండివారు అనిపించుకున్నవారు, పద్ధతి మారగానే చురుకైనవారయ్యారు.

దీనిని కొలతకు మించి పొగడవద్దు

ఒక్క మాట హెచ్చరికగా చెప్పవలసి ఉన్నది. ఆ జట్లు చిన్నవి. ప్రతిచోటా ఇదే ఫలితం వస్తుందని అనుకోరాదు. ఫ్రెంచ్, మరికొందరు కలిసి నార్వే దేశంలోని ఒక పాదరక్షల ఫ్యాక్టరీలో ఇటువంటి ప్రయత్నమే చేసి 1960లో ప్రకటించారు. అక్కడ ఉత్పత్తిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. పనివారిని అడిగిన విషయాలు వారి రోజువారీ పనికి అంత ముఖ్యమైనవి కావు. పిలిచి అడిగినట్లు కనిపిస్తే చాలదు. మనిషికి నిజంగా పట్టే విషయంలో అడగాలి, చెప్పిన మాటకు విలువ ఇవ్వాలి. పాలకవర్గం ముందే తీర్మానం రాసి పెట్టుకొని, "మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగితే ఎవరికైనా తెలిసిపోతుంది.

మన పాల కేంద్రంలో

ఇప్పుడు మన పాల కేంద్రానికి వద్దాము. ఇక్కడ కూడా పని మారుతూనే వచ్చింది. ఎన్నో సంఘాలలో గెర్బర్ పద్ధతి నుంచి మిల్కో టెస్టరుకు, అక్కడి నుంచి కాటా, కంప్యూటరు కలిసిన ఎలక్ట్రానిక్ మిషన్లకు వచ్చాము. మారిన ప్రతిసారీ పాత నేర్పరి మళ్ళీ కొత్త విద్యార్థి అవుతాడు. అతని మనసులో ఏమేమి ఉంటాయో ఒక్కొక్కటిగా చూద్దాము.

1. భయం. గెర్బర్ పరీక్షలో 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్ వాడతాము. యాసిడ్ అంటే భయపడటం తప్పు కాదు, ఆ భయం ఉండవలసిందే. కాని చెయ్యి వణికి యాసిడ్ తక్కువ పోస్తే పాలలోని మాంసకృత్తులు పూర్తిగా కరగవు, వెన్న గీత తేటగా కనిపించదు. ఎక్కువ పోస్తే నల్లని మడ్డి చేరుతుంది. "భయమెందుకురా, పొయ్యి" అని గద్దిస్తే భయం పోదు, దాక్కుంటుంది. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు, పక్కన బకెట్టు నీళ్ళు పెట్టించి, మొదట యాసిడ్‌కు బదులు నీళ్ళతోనే కొలత అలవాటు చేయిస్తే చెయ్యి నిలబడుతుంది.

2. చిన్నతనం. ఇరవై ఏళ్ళుగా వెన్న శాతం చూస్తున్న పెద్దాయనకు, కొడుకు వయసున్న కుర్రవాడు మిషను నేర్పడానికి వస్తాడు. నలుగురి ముందు "ఇది కూడా తెలియదా తాతా?" అంటే ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయినట్లే. అదే కుర్రవాడు "పెదనాన్నా, మీరు గెర్బర్‌లో చూచే శాతాన్నే ఇది చూపిస్తుంది. రెండూ పక్కపక్కన చేసి సరిపోతాయో లేదో మీరే చెప్పండి" అంటే, ఆయన పాత విద్యకు విలువ నిలబడుతుంది. పైగా మిషనును గెర్బర్‌తో పోల్చి చూచుకోవడం ఎలాగూ చేయవలసిన పనే.

3. దాచుకున్న ఇబ్బంది. నలభై ఏళ్ళు దాటితే చాలామందికి దగ్గరి చూపు తగ్గుతుంది. బ్యుటిరోమీటరు మీద సన్నని గీతలు కనిపించవు. ఆ మాట చెప్పుకోవడానికి మనిషి సిగ్గుపడతాడు, చూడకుండానే అంచనాగా రాసేస్తాడు. బయటివారికి అది అజాగ్రత్తగానో, మోసంగానో కనిపిస్తుంది. నిజానికి కావలసింది ఒక జత కళ్ళజోడు. చదువు తక్కువగా ఉన్నవారు మిషను తెర మీది ఇంగ్లీషు మాటల దగ్గర ఇలాగే దాచుకుంటారు. తెర మీది ఐదారు మాటలను తెలుగులో రాసి గోడకు అతికిస్తే ఆ ఇబ్బంది సగం తీరుతుంది.

4. ఇంటి దిగులు. పరీక్షకుడు తెల్లవారుజామునే లేవాలి. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నా, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నా, నిద్ర చాలకపోయినా అతని చూపు పని మీద నిలవదు. చంటిబిడ్డ తల్లి అయిన మహిళా పరీక్షకురాలిని దూరప్రాంతంలో వారం రోజుల శిక్షణకు పంపితే, శరీరం తరగతిలో, మనసు ఇంట్లో ఉంటాయి. శిక్షణ తేదీలు నిర్ణయించే ముందు "అమ్మా, నీకు ఏ వారం వీలవుతుంది? బిడ్డను ఎవరు చూస్తారు?" అని ఒక్క మాట అడగడానికి సంఘానికి ఖర్చేమీ లేదు.

5. అనుమానం. "ఈ మిషను వస్తే నన్ను తీసివేస్తారేమో" అని పరీక్షకుడు, "ఈ మిషను మా పాల రేటు తగ్గించడానికే వచ్చింది" అని సభ్యులు అనుకుంటారు. ఎందుకు తెస్తున్నామో ముందుగా చెప్పకపోతే ఈ అనుమానాలు వాటంతట అవి పోవు.

క్యూలో నిలబడిన మనమూ శిక్షకులమే

ఇక్కడ సభ్యులు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఉన్నది. ఫ్యాక్టరీలో పని నేర్చుకునేవానికి ఒక మేస్త్రీ ఉంటాడు. మన పరీక్షకుడు మాత్రం వందమంది యజమానుల కళ్ళముందు నేర్చుకోవాలి. ఉదయం క్యూలో నిలబడి "నిన్న 6.8 వచ్చింది, ఇవాళ 6.2 ఏమిటి? నీకు కళ్ళు కనిపించడం లేదా?" అని కేకలు వేస్తే అతను నేర్చుకునేది వేరు. గొడవ లేకుండా రోజు గడుపుకోవడం నేర్చుకుంటాడు. గట్టిగా అరిచేవారికి కొంచెం ఎక్కువ, మాట్లాడని వారికి కొంచెం తక్కువ రాయడం మొదలవుతుంది.

దీని ఖరీదు ఎంతో లెక్క వేద్దాము. ఒక సభ్యురాలు రోజుకు 10 లీటర్ల గేదె పాలు పోస్తున్నదనుకోండి. వెన్న శాతం 0.2 తక్కువగా పడితే రోజుకు సుమారు 20 గ్రాముల వెన్నకు డబ్బు రాదు. నెలకు అది సుమారు 600 గ్రాములు. మీ సంఘంలో కిలో వెన్నకు ఇచ్చే ధరతో గుణించి చూచుకోండి. ఎక్కువ రాయించుకున్నవారి వల్ల కూడా సంఘానికి మేలు లేదు. డెయిరీలో సంఘం పాలకు వచ్చిన శాతం, మన పుస్తకంలో రాసుకున్న శాతం కన్నా తగ్గితే ఆ నష్టం సంఘానిదే. సంవత్సరాంతంలో బోనసు తగ్గేది అందరికీ. పరీక్షకుడి బెదురు చివరకు మన జేబులోకే వస్తుంది.

అనుమానం వస్తే అడగవద్దని మేము చెప్పడం లేదు. అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది. అడిగే పద్ధతి ఉన్నది. "తమ్ముడూ, ఈ నమూనాను ఇంకొకసారి పరీక్షించు, నేను చూస్తాను" అని అడగండి. రెండవసారి కూడా తేడా అనిపిస్తే కార్యదర్శికి చెప్పండి, గెర్బర్‌తో సరిచూడమనండి.

నేర్పడానికి నాలుగు మెట్లు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 నుంచి 1945 వరకు, అమెరికా ప్రభుత్వం ఫ్యాక్టరీల కోసం "ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ" అనే కార్యక్రమాన్ని నడిపింది. పని తెలిసినవారు యుద్ధానికి పోగా, ఎన్నడూ ఫ్యాక్టరీ చూడనివారికి త్వరగా పని నేర్పవలసి వచ్చింది. ఆ కార్యక్రమం చెప్పిన నాలుగు మెట్లు మన పాల కేంద్రానికి కూడా సరిపోతాయి.

మొదటి మెట్టు, మనిషిని కుదుటపరచడం. పని మొదలుపెట్టే ముందు అతని బెరుకు పోగొట్టాలి. అతనికి ఇప్పటికే ఏమి తెలుసో అడగాలి. ఈ పని ఎందుకు ముఖ్యమో చెప్పాలి. గమనించండి, పాఠం చెప్పడం మొదటి మెట్టు కాదు.

రెండవ మెట్టు, చేసి చూపడం. ఒక్కొక్క అంశాన్నే చెబుతూ, చూపుతూ పోవాలి. ముఖ్యమైన చోట నొక్కి చెప్పాలి. నమూనాను బాగా కలపాలి, మిషనులోకి గాలి బుడగలు పోనీయరాదు, పని అయిన వెంటనే మిషను కడగాలి అన్నవి ఇటువంటివి.

మూడవ మెట్టు, చేయించడం. అతనే చేస్తూ, ఏమి చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో మనకు చెప్పాలి. తప్పు జరిగితే అక్కడికక్కడే, మెల్లగా సరిదిద్దాలి.

నాలుగవ మెట్టు, వెంట ఉండటం. పని అప్పగించిన తరువాత, సందేహం వస్తే ఎవరిని అడగాలో చెప్పాలి. మొదట తరచుగా, తరువాత అప్పుడప్పుడు వెళ్ళి చూడాలి.

నేర్చుకునేవానికి పని రాకపోతే నేర్పేవాడు తన పని చేయనట్లే అన్నది ఆ కార్యక్రమం మూలసూత్రం. మన సంఘాలలో చాలాచోట్ల రెండవ మెట్టు మాత్రమే జరుగుతున్నది. మిషను అమ్మిన కంపెనీ మనిషి వచ్చి గంటసేపు చూపించి వెళ్ళిపోతాడు. మొదటి, నాలుగవ మెట్లు సంఘమే చూచుకోవాలి.

పాలకవర్గాలకు సూచనలు

కొత్త మిషను కొనడానికి ముందే పరీక్షకుణ్ణి, కార్యదర్శిని, కొందరు సభ్యులను కూర్చోబెట్టి అవసరం వివరించండి. వారి సందేహాలను రాసుకొని జవాబు చెప్పండి. ఉద్యోగానికి ప్రమాదం లేకపోతే ఆ మాట తీర్మానంలో రాయండి. మొదటి పదిహేను రోజులు ప్రతి పూటా ఐదారు నమూనాలకు పాత, కొత్త పద్ధతులు రెండింటిలోనూ పరీక్ష చేసి, ఫలితాలను గోడ మీద రాయండి. ఆ రోజులలో పాల కేంద్రం అరగంట ముందుగా తెరవండి, తొందర తగ్గుతుంది. పాలకవర్గ సభ్యులలో ఒకరు వంతుల వారీగా క్యూ దగ్గర నిలబడి, సభ్యుల ప్రశ్నలకు తామే సమాధానం చెప్పండి. తప్పును గదిలో చెప్పండి, మంచిని నలుగురిలో చెప్పండి.

ఇదంతా చేసినా పని సరిగా చేయనివారు, కావాలని తప్పు రాసేవారు ఉండవచ్చు. వారిపై చర్య తీసుకోవలసిందే. కాని ఆ నిర్ణయానికి రాకముందు, నేర్చుకునే అవకాశం నిజంగా ఇచ్చామా అని పాలకవర్గం చూచుకోవాలి.

చర్చకు ప్రశ్నలు

ఈ పాఠాన్ని మీ తరువాతి సమావేశంలో ఒకరు చదివి వినిపించి, ఈ ప్రశ్నలను చర్చించగలరు.

1. మన సంఘంలో చివరిసారి పని పద్ధతి మారినప్పుడు, ఆ పని చేసేవారిని ముందుగా అడిగామా?

2. మన పరీక్షకునికి, కార్యదర్శికి చెప్పుకోలేని ఇబ్బంది ఏదైనా ఉన్నదా? అది చెప్పుకోవడానికి వారికి ఎవరున్నారు?

3. గత మూడు నెలలలో డెయిరీ చూపిన శాతానికి, మన పుస్తకంలోని శాతానికి తేడా ఎంత? ఆ తేడాలో మిషను లోపం ఎంత, బెదురు ఎంత?

4. వెన్న శాతం మీద అనుమానం వచ్చిన సభ్యుడు ఎవరిని, ఏ విధంగా అడగాలి? దీనికి ఒక పద్ధతి రాసి పాల కేంద్రం గోడకు అంటిద్దామా?

మూడవ ప్రశ్నకు లెక్కల పుస్తకం తప్పక తెచ్చుకోండి. రెండవ ప్రశ్నకు ముందుగా వారిద్దరితో విడిగా మాట్లాడి, వారు సరేనంటేనే సభలో ప్రస్తావించండి.